కెమెరా నీళ్లలో మునిగితే పైపు కుంగినట్టేనా? (చర్చ; ప్రతి జవాబు పైన రాసినవారి పేరు)

ఛాంబర్‌మూత

ఇంటి దగ్గరి ఛాంబర్ నుంచి చివరి ఛాంబర్ దాకా మురుగు పైపు 23 మీటర్లు. మొదటి 6 మీటర్లు 110 మి.మీ. పీవీసీ, మిగతాదంతా 150 మి.మీ. పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి పైపు), సిమెంటు జాయింట్లు. రెండు ఛాంబర్ల అడుగు మట్టాలు తీస్తే తేడా 23 సెం.మీ., అంటే మీటరుకు సెంటీమీటరు వాటం. రెండు మూడు నెలలకోసారి జామ్ అవుతోంది. రాడ్ వేస్తే తెరుచుకుంటుంది, కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

జామ్ తీసిన వెంటనే ఇంటి వైపు నుంచి కెమెరా వేయించాం. రిపోర్టులో ఉన్నది ఇది: 13.9 మీ. దగ్గర అడుగున నీళ్లు మొదలు. 15.4 దగ్గర లెన్సు సగం మునిగింది. 17 దగ్గర పూర్తిగా మునిగింది. 17.4 దగ్గర జాయింటు దాటగానే బయటపడింది. అభిప్రాయం: "పైపు కుంగింది, 12 నుంచి 18 మీటర్ల దాకా తవ్వి మార్చాలి." చేతికిచ్చిన వీడియో నిమిషంన్నరే, అదీ మునిగిన ముక్క మాత్రమే. కెమెరా తల 30 మి.మీ. వ్యాసం. మధ్యలో నిలబెట్టే చక్రాల గైడ్ తొడగలేదు.

అడగాల్సినవి మూడు. కెమెరా మునిగితే పైపు కుంగిందనే అర్థమా? తవ్వకుండా లోపల లైనింగ్ వేస్తే పోతుందా? మళ్లీ కెమెరా వేయించాల్సి వస్తే ఏమేం అడిగి చేయించుకోవాలి?

రసమట్టం

మీరిచ్చిన అంకెల్లోనే సగం జవాబు ఉంది.

ముందు లోతు సంగతి చూద్దాం. గైడ్ లేని 30 మి.మీ. తల పైపు అడుగున పాకుతూ పోతుంది. దాని లెన్సు నడిమి అడుగు నుంచి 15 మి.మీ. ఎత్తున ఉంటుంది. కాబట్టి లెన్సు సగం మునిగిందంటే అక్కడున్న నీళ్లు 15 మి.మీ., పూర్తిగా మునిగిందంటే 30 మి.మీ. పైచిలుకు. 150 మి.మీ. పైపులో అది అయిదో వంతు. తెర మీద పైపు నిండినట్టు కనిపిస్తుంది గానీ నిజానికి అంత లేదు. గైడ్ తొడిగి లెన్సును పైపు మధ్యలో నిలబెట్టి ఉంటే ఇదే నీటికి కెమెరా తడిసేది కూడా కాదు. అందుకే "కెమెరా మునిగింది" అన్న మాటకు గైడ్ ఉందో లేదో చెప్పకపోతే విలువ లేదు.

ఇక నీటి ఆకారం. కుంగిన పైపులో లోతు మెల్లగా పెరుగుతుంది, నడుమ గరిష్ఠానికి చేరుతుంది, మెల్లగా తగ్గుతుంది. తొట్టె లాంటి ఆకారం. మీ దాంట్లో లోతు పెరుగుతూ పెరుగుతూ వెళ్లి, 17.4 దగ్గర ఒక్కసారిగా తెగిపోయింది. ఇది కట్ట వేసిన కాలువ ఆకారం. దిగువన ఏదో అడ్డుగా లేచి ఉంది, నీళ్లు దాని వెనక నిలిచాయి.

లెక్క కట్టి చూడండి. వాటం మీటరుకు 10 మి.మీ. నీళ్లు 13.9లో మొదలైతే 15.4కి లోతు 15 మి.మీ. కావాలి. మీ రిపోర్టు ప్రకారం సరిగ్గా అక్కడే లెన్సు సగం మునిగింది. 30 మి.మీ. లోతు 16.9 దగ్గర రావాలి, మీకు 17 దగ్గర పూర్తిగా మునిగింది. అంటే 13.9 నుంచి 17.4 దాకా పైపు తన వాటంలోనే ఉంది, ఎక్కడా వంగలేదు. 17.4 దగ్గర దాదాపు 35 మి.మీ. ఎత్తున కట్ట లాంటిది ఉంది. మీటరు రీడింగు మొత్తంగా ముందుకో వెనక్కో జరిగి ఉన్నా ఈ లెక్క చెడదు, ఎందుకంటే వాడుతున్నది తేడాలనే.

ఆ కట్ట ఏమిటో తెలియాలంటే ఆ జాయింటు దగ్గరి వీడియో కావాలి. ఎగువ పైపు ముక్క ఒక్కటే చివరన దిగిపోయి మెట్టు పడితే నీళ్లు ఆ ముక్క పొడవుకే పరిమితమవుతాయి, మూడున్నర మీటర్లు వెనక్కి పోవు. కాబట్టి ఒకే ముక్క దిగడం కాదు. దిగువ పైపు పైకి లేచి ఉండాలి, లేదా పైపు లోపలే ఏదో గట్టిగా పేరుకుని ఉండాలి. స్టోన్‌వేర్‌లో ఎక్కువసార్లు దొరికేది జాయింటు కట్టినప్పుడు లోపలికి పిండుకొచ్చి గడ్డకట్టిన సిమెంటు. దాని వెంబడి వేళ్లు కూడా వచ్చి ఉంటే కాగితం, జిడ్డు అక్కడే చిక్కుకుంటాయి. రెండు మూడు నెలల వరస కూడా దానికి సరిపోతుంది.

పూర్తి వీడియో తెప్పించి 17.4 దగ్గర రెండు విషయాలు చూడండి. కెమెరా ఆ జాయింటు ఎక్కేటప్పుడు బొమ్మ ఒక్కసారి పైకి ఎగిరిందా? వెనక్కి లాగేటప్పుడు దబ్బున కిందికి పడిందా? కుంగిన పైపులో ఈ ఎగురుడు ఉండదు.

ఐదొందలపన్నెండు

లెక్క బాగుంది. కానీ 17.4 అన్న అంకెను పట్టుకుని నేల మీద గీత గీస్తే తప్పు చోట తవ్వుతారు. పైన గట్టి నేలో గచ్చో ఉంటే అది ఖరీదైన తప్పు.

కెమెరా కేబులు చుట్టిన రీలు మీద ఒక మీటరు ఉంటుంది, రీలు ఎన్ని చుట్లు తిరిగిందో చూసి అది పొడవు చెబుతుంది. సున్నా ఎక్కడ పెట్టారన్నది మొదటి ప్రశ్న. కెమెరా తల పైపు నోటి దగ్గర ఉండగా సున్నా చేయాలి. రీలు దగ్గరే చేస్తే ఛాంబర్ లోతు, బయట వేలాడిన కేబులు అన్నీ కలిసిపోతాయి. రెండోది, తోసేటప్పుడు కేబులు పైపులో పాములా మెలికలు తిరుగుతుంది, కాబట్టి మీటరు ఎక్కువ చూపిస్తుంది. లోపం కనిపించాక కొద్దిగా వెనక్కి లాగి, కేబులు బిగుసుకున్నాక తల అదే చోట ఉందని చూసుకుని అప్పుడు రాసుకోవాలి.

మీ పైపులో ఒక మంచి గుర్తు ఉంది: పీవీసీ అయిపోయి స్టోన్‌వేర్ మొదలయ్యే చోటు. అది 6 మీటర్ల దగ్గర ఉందని మీకు తెలుసు. వీడియోలో ఆ మార్పు ఎన్ని మీటర్ల దగ్గర కనిపించిందో చూడండి. 7.1 చూపిస్తే మిగతా అంకెలన్నిటిలోంచీ 1.1 తీసేయాలి. ఇంత తేలికైన సరిచూపు చాలామంది చేయరు.

నేల మీద గుర్తు పెట్టడానికి మాత్రం లొకేటరు, అంటే కెమెరా పంపే సిగ్నల్‌ను పైనుంచి పట్టే పరికరం, తప్పనిసరి. కెమెరా వెనక స్ప్రింగులోనో దాని పక్కనో సోండ్ అనే చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. 512 హెర్ట్జ్ వాడటానికి కారణం, ఆ తక్కువ ఫ్రీక్వెన్సీ పోత ఇనుప పైపు గోడను కూడా దాటి పైకి వస్తుంది. 33 కిలోహెర్ట్జ్ సోండ్ స్టోన్‌వేర్‌లో, పీవీసీలో పనిచేస్తుంది, ఇనుములో చచ్చిపోతుంది.

లొకేటరుతో వచ్చే మామూలు పొరపాటు ఒకటి చెబుతాను. పడుకుని ఉన్న సోండ్ ఒక్క చోట కాదు, మూడు చోట్ల సిగ్నల్ ఇస్తుంది: నడిమిది అసలుది, పైపు పొడవునా ముందొకటి వెనకొకటి దొంగవి. నడిమిది అన్నిటికన్నా బలంగా ఉంటుంది, దానికి అటూ ఇటూ సిగ్నల్ పూర్తిగా పడిపోయే చోట్లు ఉంటాయి. దొంగ శిఖరం మీద ఆగి గీత గీస్తే మీటరుకు పైగా తేడా వస్తుంది, పైపు లోతుగా ఉన్నకొద్దీ ఇంకా పెరుగుతుంది. అందుకే రెండు వైపులా నడిచి, సిగ్నల్ పడిపోయే చోట్లు రెండూ దొరికాకే నడుమ గుర్తు పెట్టాలి. లోతు రీడింగు నమ్మొచ్చో లేదో తెలుసుకోవడానికి లొకేటరును నేల నుంచి 50 సెం.మీ. పైకెత్తండి. రీడింగు కూడా 50 పెరగాలి. పెరగకపోతే ఇనుప చువ్వలో కరెంటు కేబులో దారి తప్పిస్తున్నాయని అర్థం.

ఇంకొకటి. సోండ్ లెన్సుకు కొంచెం వెనక ఉంటుంది. తెర మీద లోపం కనిపిస్తున్నప్పుడు సోండ్ ఇంకా దాన్ని చేరలేదు. ఆ దూరం మీ కెమెరాకు ఎంతో కొలిచి కలుపుకోండి. సోండ్ లోతులు వరసగా రాసి "ఇదిగో ఇక్కడ పైపు కుంగింది" అని చూపించేవాళ్లూ ఉన్నారు. మీటరున్నర లోతులో రీడింగు అయిదు పది సెంటీమీటర్లు అటూ ఇటూ అవడం మామూలే. 35 మి.మీ. తేడాను దానితో తేల్చలేం. అందుకు నిలిచిన నీటి మట్టమే నికరమైన కొలబద్ద, రసమట్టం గారు చేసింది అదే.

ఛాంబర్‌మూత

పూర్తి వీడియో వచ్చింది, 11 నిమిషాలు. పీవీసీ నుంచి స్టోన్‌వేర్‌కు మారే చోటు 6.9 దగ్గర కనిపిస్తోంది, అంటే 0.9 తీసేయాలి. అసలు చోటు 16.5 అన్నమాట. ఆ జాయింటు దగ్గర బొమ్మ నిజంగానే పైకి ఎగిరింది. దాటే ముందు ఒక క్షణం అడుగున బూడిదరంగు ముద్ద, నున్నగా, పైపును గడియారం ముఖంలా చూస్తే 4 గంటల నుంచి 8 గంటల స్థానం దాకా. దాని మీంచి జుట్టు లాంటి వేళ్లు వేలాడుతున్నాయి. జాయింటు పై భాగంలో గుండ్రటి అంచు ఎడం లేకుండా ఉంది.

ఇంకో సంగతి: మీటరు 9.2 చూపిస్తున్నప్పుడు పైన 12 గంటల దగ్గర పైపు పొడవునా సన్నని గీత, ఓ అరమీటరు. అది పగులేనా? అలాగే వీడియోలో చాలా చోట్ల మసక. లెన్సు మీద జిడ్డో ఆవిరో తెలియడం లేదు.

గొట్టంలో దీపం

పైన అంచు సమంగా ఉందంటే పైపు జరగలేదు. జరిగి ఉంటే జాయింటులో ఒక పక్క నెలవంక ఆకారంలో అవతలి పైపు అంచు కనిపిస్తుంది, దానికి ఎదురు వైపు ఎడం వస్తుంది. మీది గడ్డకట్టిన సిమెంటే. జాయింటు కింద సిమెంటు వదులైన చోట వేళ్లు దూరాయి. వేళ్లు సాధారణంగా పైనుంచో పక్కలనుంచో వస్తాయి. అడుగు నుంచి వచ్చాయంటే ఆ జాయింటు నుంచి నీళ్లు బయటికి ఊరుతున్నాయని, ఆ తేమను వెతుక్కుంటూ వచ్చాయని అనుకోవాలి. ఊరుతోందని కెమెరా చూపించలేదు. కెమెరాకు కనిపించేది లోపలికి వచ్చే నీరే, బయటికి పోయేది కాదు. తేల్చుకోవాలంటే ఆ ముక్కకు రెండు వైపులా గాలి సంచులు బిగించి నీళ్లు నింపి మట్టం పడిపోతుందేమో చూడాలి.

9.2 గీత గురించి. తెర మీద కనిపించే ప్రతి గీతా పగులు కాదు. ఒత్తిడి నీళ్లతో కడిగే జెట్ పైపు రాసుకున్న చార, ఎండిన జిడ్డు గీత కూడా ఇలాగే ఉంటాయి. పగులైతే నీళ్లు వదిలి కడిగాక కూడా అదే చోట ఉంటుంది, అంచులు సన్నగా నల్లగా ఉంటాయి, చాలాసార్లు తడి మరకో తెల్లటి ఉప్పు పేరుకోవడమో తోడుంటుంది. పైపు పొడవునా 12 గంటల దగ్గర పగులు కనిపిస్తే 6 గంటల దగ్గర, 3, 9 గంటల దగ్గర కూడా వెతకండి. పైనుంచి బరువు పడి పైపు నొక్కుకుపోతే నాలుగు చోట్లా పగులుతుంది. నాలుగూ ఉండి, గుండ్రటి ఆకారం కోడిగుడ్డులా మారితే అది కూలడానికి దగ్గరలో ఉన్నట్టే. ఒక్క సన్నగీత, ఆకారం చెడకుండా ఉంటే ఏడాదికోసారి చూసుకుంటూ ఉండొచ్చు. పైపు చుట్టూ గాజులా తిరిగే పగులు వేరే జాతి: కింద పరుపు సమంగా లేక పైపు దూలంలా వంగినప్పుడు వస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ కెమెరాల లెన్సు వెడల్పైన కోణంది. దగ్గరున్నది భూతంలా కనిపిస్తుంది. రెండు మి.మీ. ఎడం కూడా తెర మీద గుహలా ఉంటుంది. పక్కన తెలిసిన కొలత ఏదైనా, కనీసం జాయింటు వెడల్పయినా, పోల్చి చూడకుండా పరిమాణం నమ్మొద్దు.

మసక గురించి. చల్లటి కెమెరా వెచ్చటి పైపులోకి పోతే ఆవిరి పడుతుంది. రెండు నిమిషాలు పైపు నోట్లో ఉంచి తర్వాత తోయాలి. లెన్సు మీద గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క రాసి తుడిస్తే నీటిచుక్కలు నిలవవు. జిడ్డు పట్టిందని అనుమానమొస్తే నిలిచిన నీళ్లలోనే తలను ముందుకూ వెనక్కూ రెండుసార్లు ఆడిస్తే కొంత కడుక్కుపోతుంది.

మళ్లీ కెమెరా వేయించేటప్పుడు రెండు దఫాలు అడగండి. నేనైతే జామ్ తెరిచాక, జెట్టింగుకు ముందు ఒకసారి చూస్తాను. జిడ్డు ఎక్కడ పట్టింది, కాగితం ఎక్కడ చిక్కింది అన్న సాక్ష్యం అప్పుడే ఉంటుంది, జెట్ కొడితే కొట్టుకుపోతుంది. పైపు గోడ చూడాలంటే మాత్రం జెట్ కొట్టాకే. వెళ్లేటప్పుడు కాస్త వేగంగా తోసినా పర్లేదు. రికార్డింగ్ మాత్రం వెనక్కి లాగేటప్పుడు, నిమిషానికి 9 మీటర్లు మించకుండా. తోసేటప్పుడు తల కుదుపుతుంది, లాగేటప్పుడు తిన్నగా వస్తుంది. ఇంట్లో నీళ్లు అరగంట ఆపి నిలిచిన నీరు చూడాలి. తర్వాత ఒక్క కుళాయి సన్నగా వదిలి నీరు ఎలా పారుతుందో చూడాలి. రెండూ వీడియోలో ఉండాలి, మధ్యలో కత్తిరింపు ఉండకూడదు. మొదట్లోనే తేదీ, ఏ ఛాంబర్ నుంచి ఏ ఛాంబర్‌కు, ప్రవాహంతో పాటా ఎదురా అన్నది నోటితో చెప్పించండి. నెలలు గడిచాక ఆ వీడియో ఏ పైపుదో గుర్తుండదు.

ఛాంబర్ మూత తీసి లోపలికి తల పెట్టొద్దు. కుళ్లిన గుడ్ల వాసన రావడం ఆగిందంటే గ్యాసు పోయిందని కాదు. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే ముందు ముక్కే పనిచేయడం మానేస్తుంది.

పలుగూపారా

లైనింగ్ ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. లైనింగ్ అంటే రెసిన్‌లో నానబెట్టిన గుడ్డ గొట్టం. అది పైపు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. కుంగిన పైపుకు వేస్తే కుంగు అలాగే ఉంటుంది, సిమెంటు ముద్ద మీద వేస్తే ముద్ద అలాగే ఉంటుంది. పైగా వ్యాసం కొన్ని మి.మీ. తగ్గుతుంది. వాటం చెడినప్పుడు లైనింగ్ అమ్మేవాళ్లను నమ్మకండి. పగుళ్లకూ, వేళ్లు దూరే జాయింట్లకూ అది మంచిదే.

మీ పనికి ఆరు మీటర్లు తవ్వాల్సిన అవసరం కనబడటం లేదు. ముద్దను లోపలినుంచే చెక్కించి, ఆ జాయింటు మీద అరమీటరు నుంచి 60 సెం.మీ. పొడవున్న చిన్న లైనింగ్ ప్యాచ్ వేస్తే సరిపోవాలి. కానీ చెక్కడంలోనే అసలు ప్రమాదం ఉంది. పోత ఇనుప పైపులో తుప్పు రాల్చడానికి వాడే గొలుసు పనిముట్టును స్టోన్‌వేర్‌లో తిప్పితే పైపే పగులుతుంది. గాలితోనో నీటితోనో తిరిగే మిల్లింగ్ కట్టరు కావాలి. పక్కనే కెమెరా ఉండాలి, కొంచెం కొంచెంగా తీయాలి. రాలిన సిమెంటు ముక్కలు దిగువ ఛాంబర్‌లో జల్లెడ పెట్టి పట్టుకోవాలి, లేకపోతే కింద ఇంకో కట్ట కడతాయి. ముద్ద కాలర్‌తో (జాయింటులో పక్క పైపు దూరే వెడల్పు నోటితో) కలిసిపోయి ఉంటే తీసేటప్పుడు కాలరే ఊడొచ్చు. అందుకని 16.5 దగ్గర నేల మీద లొకేటరు గుర్తు ముందే పెట్టి ఉంచండి. అలా జరిగితే అక్కడ ఒక్క చోటే గొయ్యి తీసి, చెడిన ముక్క కోసి, పీవీసీ ముక్క పెట్టి, రెండు వైపులా రబ్బరు కప్లింగ్‌లతో కలపాలి. కప్లింగ్ స్టోన్‌వేర్ బయటి వ్యాసానికీ పీవీసీ బయటి వ్యాసానికీ సరిపడేది కావాలి, రెండూ ఒకటి కావు. కింద ఇసుకో సన్న కంకరో పరిచి గట్టిగా అణచండి. మట్టి పూడ్చకముందే మళ్లీ కెమెరా వేయండి.

కట్టరు పెట్టకముందు ఒకటి చూసుకోండి. మురుగు పైపును అడ్డంగా చీల్చుకుంటూ ఒక గోడ నుంచి ఇంకో గోడకు నున్నటి గొట్టం ఏదైనా పోతోందా? తవ్వకుండా డ్రిల్లింగుతో గ్యాసు గొట్టాలో కేబుళ్లో వేసినప్పుడు పొరపాటున మురుగు పైపులోంచి దూసుకుపోతాయి. వేళ్లనుకుని కట్టరు తిప్పితే పేలుడే. అలాంటిది కనిపిస్తే కట్టరు, జెట్ రెండూ ఆపేసి, గ్యాసు సరఫరా చేసేవాళ్లను పిలవాలి.

రసమట్టం

పలుగూపారా గారితో ఒక్క చోట విభేదం. ముద్ద చెక్కిన రోజే ప్యాచ్ వేయొద్దు. ముందు అరగంట నీళ్లు ఆపి కెమెరా వేసి, 13 నుంచి 16.5 మధ్య నీళ్లు పూర్తిగా పోయాయో లేదో చూడండి. ఇవి మీటరులోంచి 0.9 తీసేసిన అంకెలు. చుక్క నిలవకపోతే లెక్క నిజమే, కట్ట ఒక్కటే కారణం. అయిదారు మి.మీ. ఎక్కడో మిగిలినా పర్లేదు, మురుగు దాన్ని తోసుకుపోతుంది. పాతిక మి.మీ. దాకా మిగిలితే ముద్ద కింద ఇంకేదో ఉంది, అప్పుడు ప్యాచ్ వేస్తే దాన్ని పూడ్చిపెట్టినట్టవుతుంది.

వేళ్లను కూడా జాయింటు గోడకు సమంగా కోయించండి. ఒక్క పోగు మిగిలినా ప్యాచ్ అక్కడ ఎత్తుగా లేస్తుంది, దాని వెనక నుంచి నీళ్లు దూరతాయి. జాయింటు నుంచి లోపలికి నీరు కారుతుంటే రెసిన్ గట్టిపడకముందే కొట్టుకుపోతుంది కాబట్టి భూగర్భజలం తగ్గిన ఎండాకాలంలో ఆ పని పెట్టుకోండి.

ఐదొందలపన్నెండు

చెక్కాక వేసే కెమెరాకు చక్రాల గైడ్ తొడిగించొద్దు. అడుగున పాకే తలే మళ్లీ కావాలి, మొదటిసారి వేసిన 30 మి.మీ. తలే అయితే ఇంకా మంచిది. రెండు వీడియోల్లో లెన్సు ఎత్తు ఒకటే అయితేనే నీటి లోతు పోల్చగలరు. సున్నా ఈసారి పైపు నోటి దగ్గర పెట్టించి, పీవీసీ మార్పు 6.0 దగ్గరే చూపిస్తోందేమో చూసుకుని మొదలుపెట్టండి.

ఛాంబర్‌మూత

సరే. జెట్టింగు ముందు ఒకటి, జెట్టింగు తర్వాత ఒకటి, చెక్కాక ఒకటి, మొత్తం మూడు దఫాలు మాట్లాడుకుంటాను. 9.2 గీతను, 0.9 తీసేస్తే 8.3, రెండో దఫాలో నీళ్లు వదిలి కడిగాక 12, 3, 6, 9 గంటల స్థానాలు నాలుగింటిలోనూ చూపించమంటాను. ఆ బొమ్మలు వచ్చాక ఇక్కడే పెడతాను.